పసుపు అదే, వాహకం వేరు

ఆరోగ్యం ఒక అమానతు

 

కొద్ది నెలల క్రితం ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. తన పేరు, ఊరి పేరు ప్రకటించవద్దని కోరారు గనుక వాటిని ఇక్కడ పేర్కొనడం లేదు. ఉత్తరం సారాంశం మాత్రం ఆమె అనుమతితో పాఠకుల ముందుంచుతున్నాము.

"మా అత్తమ్మకు అరవై రెండేళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల సజ్దా చేయలేక కుర్చీపై కూర్చొని నమాజు చేస్తున్నారు. తల్లి బాధ విని గల్ఫ్‌లో ఉన్న మా మరిది పసుపు సారంతో తయారైన క్యాప్సూళ్ల డబ్బాలు పంపించాడు. ఉదయం రెండు, రాత్రి రెండు చొప్పున రెండున్నర నెలలుగా వేసుకుంటున్నారు. నొప్పి కొంత తగ్గిందంటే మేమంతా సంతోషించాము. అయితే పది రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు. ఒళ్లంతా దురద. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోంది. 'పసుపు తింటున్నాను కదమ్మా, ఆ రంగే దిగుతోంది' అంటున్నారు. పక్కింటివారు పసరు మందు వేయించమని సలహా ఇచ్చారు. నేను నోరు తెరిస్తే, కొడుకు పంపిన మందుకు కోడలు వంక పెట్టిందని అనుకుంటారేమోనని భయంగా ఉంది. మనం పుట్టినప్పటి నుంచీ తింటున్న పసుపే కదా, దాని వల్ల హాని జరుగుతుందా?"

ఉత్తరం చదివిన తరువాత తదుపరి సంచిక వచ్చే వరకు వేచి ఉండటం మాకు సమంజసమనిపించలేదు. అందులో ఉన్న ఫోను నంబరుకు ఆ సాయంత్రమే మాట్లాడాము. మూడు విషయాలు చెప్పాము. క్యాప్సూళ్లు ఈ పూటే ఆపివేయాలి. పసరు మందు జోలికి పోరాదు. తెల్లవారగానే పగటి వెలుతురులో అత్తమ్మ కంటి తెల్లగుడ్డును చూసి, డబ్బాను వెంట తీసుకొని వైద్యుని వద్దకు వెళ్లాలి. మర్నాడు ఆ సోదరి ఫోను చేశారు. కళ్లు పచ్చబడి ఉన్నాయి. రక్తపరీక్షలో కాలేయానికి సంబంధించిన అంకెలు ఉండవలసిన దానికన్నా ఎన్నో రెట్లు పెరిగి ఉన్నాయి. వైరస్ వల్ల వచ్చే కామెర్లకు చేసిన పరీక్షలలో ఏమీ తేలలేదు. వైద్యుడు డబ్బాపై ఉన్న వివరాలు చదివి, వీటిని ఇక ముట్టవద్దని చెప్పారట.

ఇంతకూ ఆ సోదరి అడిగిన ప్రశ్న సహేతుకమైనదే. తరతరాలుగా మన వంటింట్లో ఉన్న పసుపు ఒక్కసారిగా ఎందుకు ఎదురు తిరిగింది? ఆ ప్రశ్నకు జవాబు పసుపులో లేదు. పసుపును శరీరంలోకి మోసుకొని వెళ్లే వాహకంలో ఉంది. ఈ నెల ఆ వాహకం గురించే వివరించదలచాము.

చెంచాకూ క్యాప్సూలుకూ మధ్య దూరం

మొదట ఒక చిన్న లెక్క చూద్దాం. నలుగురున్న ఇంట్లో రోజు మొత్తానికి ఒక చెంచా, అనగా దాదాపు 3 గ్రాముల పసుపు ఖర్చవుతుందని అనుకుందాం. పసుపుకు ఆ రంగునూ, ఔషధగుణాలలో ప్రధాన భాగాన్నీ ఇచ్చే పదార్థాలు కర్కుమిన్, దాని సోదర పదార్థాలు. పసుపు పొడిలో ఇవి నూటికి సుమారు 3 పాళ్లు ఉంటాయి. అంటే చెంచాడు పసుపులో 90 మిల్లీగ్రాములు. నలుగురికి పంచితే మనిషికి 22 లేదా 23 మిల్లీగ్రాములు.

ఇక క్యాప్సూలు సంగతి. ఆ డబ్బాపై ఒక్కొక్క దానిలో 500 మిల్లీగ్రాముల పసుపు సారం ఉన్నదనీ, అందులో నూటికి 95 పాళ్లు కర్కుమిన్ జాతి పదార్థాలనీ వ్రాసి ఉంది. రోజుకు నాలుగంటే 1900 మిల్లీగ్రాములు. కూరలో తినే దానికి ఇది ఎనభై రెట్లకు పైమాటే. "పసుపే కదా" అన్న మాట ఇక్కడే సడలిపోతుంది.

అయితే పరిమాణం ఒక్కటే అయి ఉంటే ప్రమాదం ఇంత దూరం వచ్చేది కాదేమో. డబ్బాపై చిన్న అక్షరాలలో మరొక మాట ఉంది. ప్రతి క్యాప్సూలులోనూ 5 మిల్లీగ్రాముల మిరియాల సారం కలిపారు. అసలు కథ అక్కడ ఉంది.

వాకిలి వద్ద కావలివాడు

ఏ మొక్క నుంచి తీసిన మందు అయినా నోటిలో వేసుకున్నంత మాత్రాన పని చేయదు. అది నాలుగు మజిలీలు దాటవలసి ఉంటుంది. ముందుగా తనను పట్టి ఉంచిన ఆకు, పొడి, నూనె, మాత్ర, పాకం ఏదైతే అది, దానిలో నుంచి విడుదల కావాలి. తరువాత కడుపులోని ద్రవాలలో కరగాలి. ఆ పైన పేగు గోడను దాటి రక్తంలో కలవాలి. చివరగా కాలేయం చేసే వడపోతను తట్టుకొని నిలవాలి. వీటిలో ఏ ఒక్క మజిలీలో ఆగిపోయినా ఆ మందు మలంతోనో మూత్రంతోనో బయటకు వెళ్లిపోతుంది.

కర్కుమిన్ ఈ ప్రయాణంలో మహా బలహీనమైన బాటసారి. నీటిలో దాదాపు కరగదు. పేగు దాటిన కొద్దిపాటి భాగాన్ని కూడా పేగు గోడ, కాలేయం కలసి వెంటనే వేరొక రూపంలోకి మార్చి బయటకు సాగనంపుతాయి. వాకిట నిలబడి వచ్చిన ప్రతివారినీ విచారించి పంపే కావలివానిలా ఈ అవయవాలు పనిచేస్తాయి. తరతరాలుగా పసుపు తిన్నా మనకు ఏమీ కాకపోవడానికి ఒక కారణం ఆ కావలి. తిన్న దానిలో రక్తంలోకి చేరేది అత్యల్పం.

మిరియాలలో ఘాటునిచ్చే పదార్థం పేరు పైపెరిన్. అది ఈ కావలివాని చేతులను కాసేపు పట్టి ఉంచుతుంది. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు దీనిని మనుషులలో పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించారు. 2 గ్రాముల కర్కుమిన్‌ను మాత్రమే ఇచ్చినప్పుడు రక్తంలో దాని జాడ దాదాపు కనిపించలేదు. దానికి తోడుగా 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇచ్చినప్పుడు శరీరానికి అందిన కర్కుమిన్ ఇరవై రెట్లు పెరిగింది. పసుపు ఒక్కటే, మనిషీ ఒక్కడే. మారినది తోడు వచ్చిన పదార్థం మాత్రమే.

ఈ పరిశోధన తరువాత మార్కెట్టులో పసుపు క్యాప్సూళ్ల తీరే మారిపోయింది. కొందరు మిరియాల సారం కలిపారు. కొందరు కర్కుమిన్‌ను కొవ్వు వంటి పదార్థాలతో జత చేశారు. మరికొందరు అతి సూక్ష్మమైన రేణువులుగా మార్చి నీటిలో కలిసేలా చేశారు. మార్గాలు వేరైనా ఉద్దేశం ఒక్కటే. శరీరం సహజంగా వెనక్కి పంపే పదార్థాన్ని లోపలికి చేర్చడం. మోకాళ్ల నొప్పులకు ఇటువంటి సారం కొంత ఉపశమనం ఇస్తుందని కొన్ని చిన్న పరీక్షలు చెబుతున్నాయి. కనుక ఇది ఉత్త మోసమని మేము అనడం లేదు. కానీ లోపలికి చేరే మేలు పెరిగినప్పుడు, చేరే కీడు కూడా పెరుగుతుందన్న నిజాన్ని డబ్బాలు పెద్ద అక్షరాలలో చెప్పవు.

2019లో ఇటలీలో పసుపు సారాన్ని వాడినవారిలో కాలేయ వాపు కేసులు వరుసగా బయటపడగా అక్కడి ఆరోగ్య శాఖ ప్రజలను హెచ్చరించింది. అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ వ్యాధులను పరిశీలించే వైద్య బృందం 2022లో ఇటువంటి 10 మంది రోగుల వివరాలను ప్రకటించింది. వారిలో ఒకరు మరణించారు. పరీక్షించిన డబ్బాలలో కొన్నింటిలో మిరియాల సారం ఉన్నట్లు తేలింది. ఆ పది మందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉంది. అంటే ఈ హాని అందరికీ జరగదు. వేలమంది వాడి సుఖంగా ఉండవచ్చు. కానీ ఎవరికి జరుగుతుందో ముందుగా మొహం చూసి చెప్పలేము. "మా వదిన వాడింది, ఏమీ కాలేదు" అన్న సాక్ష్యం ఇందుకే చెల్లదు.

మరొక విషయం మరువరాదు. పైపెరిన్ చేతులు పట్టి ఉంచిన కావలివాడు పసుపును మాత్రమే విచారించేవాడు కాదు. మనం వేసుకునే ఇతర మందులను కూడా విచారించేవాడు అతడే. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, గుండెకు వాడే ప్రొప్రనొలాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ రక్తంలో పెరుగుతాయని పరిశోధనలలో తేలింది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌తో పసుపు సారాన్ని కలిపి వాడినప్పుడు రక్తం ప్రమాదకరంగా పలచబడిన ఉదంతం న్యూజీలాండ్‌లో నమోదైంది. ఇంట్లో ఇటువంటి మందులు వాడేవారు ఉంటే, సారం క్యాప్సూలు వారికి కానుకగా ఇవ్వదగిన వస్తువు కాదు.

అయితే చారులో వేసే మిరియాలకూ, రాత్రి త్రాగే పసుపు పాలకూ భయపడవలసిన పని లేదు. ఆ పరిమాణాలు స్వల్పం. పాలలోని కొవ్వు కర్కుమిన్‌ను కొంత కరిగించినా, కావలివాడు తన పని తాను చేస్తూనే ఉంటాడు.

పాత హకీములకు తెలిసిన మాట

వాహకాన్ని బట్టి మందు గుణం మారుతుందన్నది నేటి ప్రయోగశాలలు కనిపెట్టిన కొత్త సంగతి కాదు. 869లో మరణించిన సాబూర్ ఇబ్న్ సహల్ ఔషధ యోగాలను కూర్చి ఒక ప్రత్యేక గ్రంథం రచించారు. ఇబ్న్ సీనా తమ 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్' మహాగ్రంథంలో రెండవ సంపుటాన్ని ఒంటరి మందులకూ, అయిదవ సంపుటాన్ని మిశ్రమ యోగాలకూ కేటాయించారు. మూలిక ఒక ప్రశ్న అయితే, దానిని ఏ రూపంలో ఇవ్వాలన్నది వేరొక ప్రశ్న అని వారు గుర్తించారు.

యునానీ మందుల పేర్లను గమనిస్తే ఈ వివేకం అర్థమవుతుంది. సఫూఫ్ అంటే పొడి. ఖీసాందా అంటే నానబెట్టి వడగట్టిన నీరు. జోషాందా అంటే మరిగించిన కషాయం. అరఖ్ అంటే ఆవిరిని చల్లార్చి పట్టిన ద్రవం. రోగన్ అంటే తైలం. మాజూన్ అంటే తేనె లేదా చక్కెర పాకంలో కలిపిన లేహ్యం. ఒకే మూలికను నానబెడితే ఒక అంశం దిగుతుంది, మరిగిస్తే మరొకటి దిగుతుంది. నీటికి లొంగనిది నూనెకు లొంగుతుంది. ఆవిరితో పైకి ఎగిరేది మాత్రమే అరఖ్‌లోకి వస్తుంది, బరువైనది అడుగున మిగిలిపోతుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరికలతో చేసే 'ఇత్రీఫల్' అన్న పేరు మన 'త్రిఫల' నుంచి వెళ్లినదే. ఆ పొడులను పాకంలో కలిపే ముందు బాదం నూనెతో గానీ నెయ్యితో గానీ మర్దిస్తారు. మందును గమ్యానికి చేర్చడానికి తోడుగా ఇచ్చే దానిని హకీములు 'బద్‌రఖా' అన్నారు. ఆయుర్వేదం దానినే 'అనుపానం' అన్నది.

పాకానికి ఒక కీడు కూడా ఉంది. మాజూన్, ఖమీరా, షర్బత్‌లలో ఎక్కువ పాలు చక్కెర లేదా తేనె ఉంటుంది. మధుమేహం ఉన్న పెద్దలు "మందే కదా" అని రెండు పూటలా చెంచాల కొద్దీ తింటే మందు కన్నా ముందు వాహకం పని చేస్తుంది. అదే విధంగా ఏడాది నిండని పసివారికి ఏ మందునూ తేనెలో రంగరించి నాకించరాదు. తేనెలో అరుదుగా ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు పసిపేగులలో విషాన్ని పుట్టించగలవు.

మన వంటింటి సంగతులు

వాహకం విలువ తెలుసుకోవడానికి ప్రయోగశాలకు పోనవసరం లేదు. రోజూ మన చేతిలో ఉన్న నాలుగు పదార్థాలను చూద్దాం.

వెల్లుల్లి: పొట్టు తీసిన రెబ్బలో మనం ఆశించే అల్లిసిన్ సిద్ధంగా ఉండదు. దాని ముడి పదార్థం ఒక గదిలో, దానిని మార్చే ఎంజైము మరొక గదిలో ఉంటాయి. దంచినప్పుడు గోడలు కూలి రెండూ కలుస్తాయి, అప్పుడు అది పుడుతుంది. దంచిన వెంటనే కాగిన నూనెలో వేస్తే వేడికి ఎంజైము నశిస్తుంది. దంచిన తరువాత పది నిమిషాలు ఆగి వాడటం మేలు. కడుపులోని ఆమ్లం కూడా ఆ ఎంజైమును నిర్వీర్యం చేస్తుంది. అందువల్లనే కొన్ని వెల్లుల్లి మాత్రలకు ఆమ్లానికి కరగని పొర వేస్తారు. అటువంటి మాత్రను నమిలితే లేదా పొడి చేస్తే ఆ పొర ఉద్దేశమే నెరవేరదు.

ఆకుకూరలు: తోటకూర, మునగాకులలో ఉండి విటమిన్ ఏ గా మారే పసుపు వన్నె పదార్థాలు కొవ్వులోనే కరుగుతాయి. నూనె చుక్క లేకుండా ఉడికించి తింటే వాటిలో అధిక భాగం వృథా. ఒక చెంచా నూనెతో తాళింపు పెడితే అదే కూర బిడ్డ కంటికి మరింత మేలు చేస్తుంది. ఇక్కడ తాళింపు రుచికి మాత్రమే కాదు, వాహకం కూడా.

నల్ల జీలకర్ర: మన ఇండ్లలో 'కలోంజీ'కి ఉన్న గౌరవం పాఠకులకు విదితమే. దానిలో ఎక్కువగా పరిశోధనకు వచ్చిన పదార్థం థైమోక్వినోన్. అది ఆవిరి అయ్యే తైలంలో ఉంటుంది. నీటిలో అంతగా కరగదు, వెలుతురుకు చెడిపోతుంది. కనుక మూత లేని గిన్నెలో గంటసేపు మరిగిస్తే వాసనతో పాటు అదీ పోతుంది. నమలకుండా మ్రింగిన గింజ మ్రింగినట్లే బయటకు పోవచ్చు. అప్పటికప్పుడు నలిపి వాడటం, నూనె అయితే ముదురు రంగు సీసాలో ఉంచడం మంచిది. చక్కెర వ్యాధికీ రక్తపోటుకూ మాత్రలు వేసుకునేవారు దీనిని నియమంగా వాడదలిస్తే వైద్యునికి చెప్పాలి.

ఇసబ్‌గోల్: ఇది కరగదు, నీటిని పీల్చి ఉబ్బుతుంది. గుక్కెడు నీటితో మ్రింగితే గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు. నిండు గ్లాసు నీరు తప్పనిసరి. ఉబ్బిన జిగురులో ఇతర మందులు చిక్కుకొని వాటి విడుదల ఆలస్యం అవుతుంది. అందువల్ల ఇతర మాత్రలకూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి. రమజాన్ నెలలో ఇఫ్తారు తరువాత అన్నీ ఒకేసారి వేసుకునే పెద్దలకు ఈ మాట ప్రత్యేకంగా గుర్తు చేయండి.

తక్కువ చేరినా ప్రమాదమే

వాహకం తప్పితే ఎక్కువ చేరడం ఒక ప్రమాదం. తక్కువ చేరడం రెండవ ప్రమాదం. దీనికి చైనా దేశపు ఉదాహరణ ఉంది. మన మాచిపత్రి జాతికే చెందిన ఒక మొక్క అక్కడ జ్వరానికి వాడుకలో ఉండేది. మలేరియాకు మందు వెదుకుతున్న శాస్త్రవేత్త తూ యూయూ బృందం దాని నుంచి సారం తీసినప్పుడు ఒకసారి పని చేసేది, ఒకసారి చేసేది కాదు. నాలుగవ శతాబ్దానికి చెందిన గే హోంగ్ వైద్య గ్రంథంలో ఆ ఆకును నీటిలో నానబెట్టి పిండి రసం త్రాగాలని ఉంది, మరిగించమని లేదు. వేడికి గుణం నశిస్తున్నదేమోనని ఆమెకు తోచింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. 1971లో ఆ సారం ప్రయోగశాల జంతువులలోని మలేరియాను పూర్తిగా అణచివేసింది. ఆర్టెమిసినిన్ లోకానికి అందింది. 2015లో ఆమెకు నోబెల్ పురస్కారం లభించింది.

అంతటితో సమస్య తీరలేదు. ఆ పదార్థం నీటిలోనూ సరిగా కరగదు, నూనెలోనూ సరిగా కరగదు. దానిని కొద్దిగా మార్చి నూనెలో కరిగేది ఒకటి, నరానికి సూదిగా ఎక్కించదగినది మరొకటి తయారు చేయవలసి వచ్చింది. నేడు మన్యం ప్రాంతాలలో మలేరియా రోగికి ఇచ్చే మాత్రలూ సూదులూ ఆ శ్రమ ఫలితాలే. ఆ ఎండుటాకును టీ కాచుకొని త్రాగితే చాలునని చెప్పేవారు నేటికీ ఉన్నారు. టీలో దిగే మందు కొద్దిపాటిది, పైగా ప్రతిసారీ ఒకే కొలతలో దిగదు. రోగి కోలుకోకపోగా, మిగిలిన క్రిములు మందుకు అలవాటు పడతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఆకును అటువంటి రూపాలలో వాడరాదని స్పష్టం చేసింది.

చర్మం కూడా ఒక వాకిలే

పైపూతే కదా అన్న నిర్లక్ష్యం కూడా తగదు. కర్పూరం నీటిలో కరగదు, కొబ్బరి నూనెలో చక్కగా కరుగుతుంది. నూనెలో కరిగిన కర్పూరం చర్మం గుండా, ముక్కు పొరల గుండా త్వరగా లోపలికి పోతుంది. జలుబు చేసిన పసిబిడ్డ ఛాతీకి, ముక్కుకు ఆ నూనె మర్దించే అలవాటు మన ఇండ్లలో ఉంది. కర్పూరం లోపలికి పోతే కొద్ది మోతాదుకే పిల్లలకు ఫిట్స్ రావచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం ఉన్న నూనెలు, బామ్‌లు వాడకండి. నూనె సీసాను అందనంత ఎత్తులో ఉంచండి.

ఆల్కహాల్, జెలటిన్ గురించి

కొందరు పాఠకులు తరచుగా అడిగే సందేహం ఇది. మూలికలలోని జిగురు పదార్థాలు, సుగంధ తైలాలు నీటికి లొంగవు, ఆల్కహాల్‌కు లొంగుతాయి. టింక్చర్లలో ఆల్కహాల్ వాడటానికి కారణం అదే. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి గనుక వాటిలో ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది. లేబులుపై దాని పాలు వ్రాసి ఉంటుంది. కాలేయ వ్యాధి ఉన్నవారికి, పసిపిల్లలకు ఇది వైద్యపరంగా కూడా తగదు. చాలా మూలికలకు కషాయం, పొడి, గ్లిజరిన్‌లో తీసిన సారం వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఇక క్యాప్సూలు తొడుగు సాధారణంగా పశువుల లేదా పందుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్‌తో తయారవుతుంది. మొక్కల సెల్యులోజ్‌తో చేసిన తొడుగులు కూడా దొరుకుతున్నాయి. మందుల దుకాణంలో అడిగి తీసుకోవచ్చు. ధర్మసమ్మతి విషయమై మీ ప్రాంత ఉలమాను సంప్రదించండి. అయితే ప్రాణావసరమైన మందును సందేహం తీరే వరకు సొంత నిర్ణయంతో మాత్రం ఆపవద్దు.

కొనేముందు అడగవలసినవి

మూలికల క్యాప్సూలు, లేహ్యం, తైలం ఏది చేతికి వచ్చినా ఈ అయిదు ప్రశ్నలు వేసుకోండి. ఇది పొడా, సారమా? సారమైతే నూటికి ఎన్ని పాళ్లు? మిరియాల సారం గానీ, ఎక్కువగా ఒంటికి పడుతుందన్న ప్రకటన గానీ ఉన్నదా? వేసుకునేవారు ఇప్పటికే వాడుతున్న మందులేవి? వారికి కాలేయ వ్యాధి, పిత్తాశయంలో రాళ్లు, గర్భం, త్వరలో శస్త్రచికిత్స వంటివి ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కదానికి సంశయం కలిగినా వైద్యునికి డబ్బా చూపండి. యునానీ మందైతే పట్టా పొందిన హకీమును అడగండి. చార్మినార్ వద్ద నిజామియా తిబ్బీ కళాశాల నేటికీ ఆ విద్య నేర్పుతూనే ఉంది. వాహకం ఎంపిక తెలిసినవారి పని, దుకాణదారు పని కాదు.

ఆకలి మందగించడం, వికారం, ఒళ్లు దురద, ముదురు రంగు మూత్రం, కళ్లు పచ్చబడటం. వీటిలో ఏది కనిపించినా మూలికల మందును వెంటనే ఆపి కాలేయ పరీక్ష చేయించండి. తిన్న పసుపు కంటి తెల్లగుడ్డును పచ్చగా చేయదు. కన్ను పచ్చబడితే అది కామెర్లే. అప్పుడు మరొక పసరు మందు వేయడం, అలసిన కాలేయంపై మరొక బరువు మోపడమే అవుతుంది.

ఆ సోదరి నుంచి మాకు రెండవ ఉత్తరం వచ్చింది. క్యాప్సూళ్లు ఆపిన మూడు వారాలకు అత్తమ్మకు ఆకలి పుట్టిందనీ, రెండు నెలలకు రక్తపరీక్ష మామూలు స్థితికి వచ్చిందనీ వ్రాశారు. మిగిలిన డబ్బాలను కొడుకు మనసు కష్టపెట్టుకోకుండా తానే అతనికి ఫోనులో నచ్చజెప్పి అత్తమ్మ పారవేయించారట. మోకాళ్లకు ఇప్పుడు ఫిజియోథెరపీ నిపుణులు నేర్పిన కసరత్తులు చేస్తున్నారు. కుర్చీ నమాజు కొనసాగుతోంది. పసుపు ఇంట్లో యథాతథంగా కూరలోనే ఉంది.

ఉత్తరం చివర ఆమె ఒక మాట వ్రాశారు: "ఆ రోజు ఉత్తరం వ్రాయాలా వద్దా అని రెండు రాత్రులు ఆలోచించాను." ఆ రెండు రాత్రులే మమ్మల్ని ఈ శీర్షిక వ్రాయించాయి. ఇంట్లో పెద్దల ఆరోగ్యం విషయంలో అనుమానం కలిగిన కోడలు, కూతురు, మనుమరాలు ఎవరైనా సరే, నోరు విప్పడం అమర్యాద కాదు. దూరదేశం నుంచి ప్రేమతో మందు పంపే కొడుకులకు కూడా మా విన్నపం ఒక్కటే. డబ్బా పంపే ముందు, అమ్మ రోజూ వేసుకునే మాత్రల పేర్లు ఒకసారి అడగండి.

వస్సలాం.